దాతలిచ్చిన నీరు – గ్రామస్థుల పూచీ



విదేశములలోని క్రైస్తవ సంఘములవారు తమ దేవాలయములలో చందాలు పోగుచేసి దూరదేశపు పల్లెలకు మంచినీటి వసతి కల్పించుటయు, పిదప ఆ పల్లెలను స్వయముగా చూచిపోవుటకు వచ్చుటయు నేడు లోకమున సాధారణమైన ఆచారము. 1990లో అమెరికాలోని హ్యూస్టను నగరమునుండి కెన్యాకు పోయిన కొందరు క్రైస్తవులు అచ్చటి నీటి ఎద్దడిని చూచి, స్వదేశమునకు మరలి, 'లివింగ్ వాటర్ ఇంటర్నేషనల్' అను సంస్థను స్థాపించిరి. వారికి కెన్యా యెంత దూరమో రెంటచింతలయు నంత దూరమే. కావున ఈ విషయమును వచ్చి చూచువారి కన్నులతో గాక, ఆ నీటిని త్రాగువారి కన్నులతో విచారించుట మనకు తగును.

పల్నాటి నీటి కొరత నిన్న మొన్నటిది కాదు. శ్రీనాథుని పేర వ్యాపించియున్న చాటువులలో ఈ సీమ రాళ్లను, నీళ్లను గూర్చిన యెత్తిపొడుపులు మీరెరుగనివి కావు. భూమిక్రింద నాపరాయి, సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీలకు బ్రతుకు నిచ్చిన ఆ రాయియే మన బావినీటికి గడుసుదనము నిచ్చినది. ఆ నీట పప్పు ఉడుకదు, సబ్బు నురుగు రాదు. కృష్ణమ్మ సత్రశాల యొద్ద మన మండలమును ఒరసికొని పోవుచున్నది. నాగార్జునసాగరమునకు 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు వదలిరి. పొలములకు మేలు కలిగినమాట నిజము. అయినను కాలువ కట్టివేసిన నెలలలో, రెంటచింతల యెండ రాష్ట్రమంతటను వార్త యగు ఆ దినములలో, బిందె పట్టుకొన్న ఆడువారికి చెరువు అడుగునీరో బోరునీరో తప్ప వేరు దిక్కు లేదు. అట్టి చోట ఎవరు బోరు వేయించినను, నీటిశుద్ధి యంత్రము పెట్టించినను పుణ్యకార్యమే. 1849లో హయ్యరు దొర గురజాలకు వచ్చినది మొదలు మిషనులకు ఈ సీమతో సంబంధము కలదు. వారి దానమును వేరు కన్నుతో చూచుట నా ఉద్దేశము కాదు.

దానమున దోషము లేదు. దానము జరిగిన మరునాటినుండియే చిక్కు మొదలగుచున్నది. దీనికి మన దేశపు చేతిపంపు చరిత్రయే సాక్షి. పూర్వము మన పల్లెలలో పాతిన పోత ఇనుప పంపులు పాశ్చాత్యదేశములందు ఒక్కొక్క కుటుంబము వాడుకొనుటకై ఏర్పడినవాని నమూనాలు. ఊరంతయు ఉదయమునుండి రాత్రివరకు కొట్టుచుండగా అవి నిలువలేదు. 1974లో యూనిసెఫ్ వారు విచారింపగా నాలుగింట మూడువంతుల పంపులు మూలబడియున్నట్లు తేలినది. అంతకు ముందే మహారాష్ట్రములోని జాల్నాయందు మిషనువారి బావుల పనివారు ఉక్కుతో గట్టి పంపు నొకదానిని సిద్ధపరచిరి. దానిని షోలాపూరువారు మెరుగుపరచిరి. ఆ నమూనానుండియే మద్రాసులోని రిచర్డ్‌సన్ అండ్ క్రడ్డాస్ కర్మాగారమున మనమందర మెరిగిన 'ఇండియా మార్క్ 2' పంపు తయారైనది. మిషనులు లోకమునకు చేసిన నీటి ఉపకారములలో ఇది యెన్నదగినది, కాని దీనిని చూచుటకు యాత్రికులెవ్వరును రారు!

అంతటితో కథ ముగియలేదు. మార్క్ 2 పంపు చెడినపుడు లోపలి తోలు వాషరు మార్చుటకైనను గొట్టములన్నియు పైకి లాగవలెను. అందుకు ప్రత్యేకమైన పనిముట్లును, మనుష్యులును జిల్లానుండి బండిమీద రావలెను. ఊరివారు ఆ బండికై వారములకొలది యెదురు చూచెడివారు. తరువాత వచ్చిన 'మార్క్ 3' పంపులో గొట్టము వెడల్పుచేసి, గొట్టములు లాగకయే ముషలకమును బయటికి తీయునట్లు అమర్చిరి. ఊరి మనిషి ఊరిలోనే బాగుచేసికొనవలెనని ఆ మార్పు చేసిన వారి తలంపు. సహకారసంఘ సభ్యులమగు మనకు ఈ చిన్న మార్పులో గొప్ప అర్థము గోచరింపవలెను.

ఇక చూడవచ్చువారి సంగతి. వారు వచ్చునది ప్రారంభోత్సవమునాడు, లేదా మరుసటి యేడాది చలికాలమున. పూలదండలు, పిల్లల పాటలు, ఫలకముమీది పేర్ల ప్రక్కన ఛాయాచిత్రములు. పంపు కొట్టగా నీరు వచ్చును; అందరును సంతోషింతురు. మూడవ యేట ఎండాకాలమున అదే పంపు ఎట్లున్నదో చూచుట కెవరును రారు. ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణముగానున్న దేశములలో చేతిపంపులు ఇంచుమించు మూడింట ఒకటి పనిచేయుట లేదని 2009 నాటి లెక్కలు తెల్పినవి. వానిలో దాతల ధనముతో వేసినవే యనేకము. మన ప్రాంతముననే ఒక గ్రామమున ఇంగ్లీషు అక్షరముల పాలరాతి ఫలకము చెక్కుచెదరక నిలిచియుండగా, దాని క్రింద కుళాయి తుప్పుపట్టి బిగిసికొనియుండుట నేను చూచితిని. మోటారు కాలిపోయెనట. బాగుచేయుటకు ఎనిమిదివేలు కావలెనట. దాతలకు ఉత్తరము వ్రాసితిమని గ్రామస్థులు చెప్పిరి. ఎనిమిదివేల కొరకు సముద్రము దాటి ఉత్తరము!

ఈ సందర్భమున ఒంగోలు బాప్తిస్తు మిషనులోని క్లౌ దొర చేసిన పని జ్ఞప్తికి తెచ్చుకొనదగినది. 1876–78 నాటి కరవులో ఆయన బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వుటకు కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించి కూలి యిప్పించెను. కూటికొరకు మతము పుచ్చుకొనిరన్న మాట రాకుండ ఆ కరవు దినములలో బాప్తిస్మములను నిలిపివేసెను. ఆయన మతముతో మనకు పని లేదు గాని, అన్నము పెట్టుటకంటె కూలి యిచ్చుట మేలని ఆయన యెరిగెనన్నది మనము గ్రహింపదగినది.

దాతలనుండి మరమ్మతు ధనము ప్రతియేటను వచ్చునన్న ఆశ నేటి చట్టము ననుసరించియు నిలువదు. విదేశీ విరాళముల చట్టమునకు 2020లో జరిగిన సవరణచే, విదేశధనము పొందిన సంస్థ దానిని మరియొక సంస్థకు బదలాయింప వీలులేదు. మిషను సంస్థ బోరు వేయించి పోవచ్చును గాని మీ గ్రామ కమిటీ చేతికి ఆ ధనము నీయజాలదు. కనుక మరమ్మతు నిధి ఊరిలోనే పుట్టవలెను. మూడువందల కుటుంబములు నెలకు ముప్పదేసి రూపాయలు వేసికొన్నచో ఏడాదికి లక్షా యెనిమిదివేలగును. మోటారు కాలినను, యంత్రములో పొర మార్చవలసివచ్చినను ఎవరి ముఖమును చూడ నక్కరలేదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రింద వేర్వేరు కుటుంబములవారు పదిమంది చేరి సంఘమును రిజిష్టరు చేసికొనవచ్చును. ప్రభుత్వపు వాటాధనము అక్కరలేదు. కుళాయిలు ప్రభుత్వమే వేయుచుండగా ఇదంతయు నేల యని కొంద రందురు. 2019లో మొదలైన జలజీవన పథకము మనిషికి దినమునకు 55 లీటర్లను లక్ష్యముగా పెట్టుకొన్నమాట నిజమే. కాని ఆ గొట్టముల చివరనున్నది కూడ అనేక గ్రామములలో ఒక బోరే గదా.

ఇప్పుడు కొంచెము చేదుమాట. ఊరి బోరు ఎండుటకు ముఖ్యకారణము దాతలు గాని మిషనుగాని కాదు. దాని ప్రక్కన మిరపతోటకు మనము వేసిన బోరు. 2002 నాటి 'వాల్టా' చట్టము ప్రకారము ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండ క్రొత్త బోరు వేయరాదు. ఆ చట్ట మెవరు చదివిరి? చదివినవారిలో ఎవరు పాటించిరి? అన్నదమ్ముల గట్టు తగాదాకు కోర్టు మెట్లెక్కు మనము, ఊరి త్రాగునీటికి కొలబద్ద పట్టుటకు సంకోచింతుము. వచ్చిన విదేశీయులకు ఆ తోటలోని మోటారు కనబడదు, మనమును చూపము. ఈ పనిని ఏ దేవాలయపు చందాయు చేయజాలదు.

నీటి పరీక్షయు అట్టిదే. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు చెడుట మన దేశమున మొట్టమొదట బయటపడినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో. మనకు పరాయి సీమ కాదు. లీటరుకు ఒక మిల్లీగ్రాము మంచిది, ఒకటిన్నర దాటరాదు. పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు 'నల్లగొండ పద్ధతి' చౌకయైనది, కాని ప్రతిదినమును కొలతప్రకారము మందు కలుపు మనిషి కావలెను. ఆ మనిషికి జీతమిచ్చు వారు లేనందువలననే అనేకచోట్ల అది మూలబడినది. ఆర్.ఓ. యంత్రమునకైనను మనిషి కావలెను. అదిగాక అది పారబోయు నీరు తక్కువ కాదు. ఆ నీరు ఏ కాలువలోనికి పోవుచున్నదో చూచుకొనవలెను.

మరియొక సంగతి. మిషనులు వేసిన బోర్లు పెక్కు దళితవాడలలోనే యున్నవి, ఏలయన ఊరి బావి వారికి చిరకాలము అందలేదు. నీటిసంఘము పెట్టునపుడు ఆ వాడ స్త్రీలు సభ్యులుగా నుండి, వారి చేతిలో పుస్తకముండవలెను. ఊరి పెద్దలు నలుగురు కూర్చుండి వారి బోరుకు తామే అధ్యక్షులగుట సహకారము కాదు.

మన గ్రామమునకు ఇకముందు అట్టి అతిథులు వచ్చినపుడు పూలదండతోబాటు నాలుగు వస్తువులు వారి ముందుంచుదము: చందాల రిజిష్టరు, నీటి పరీక్ష కాగితము, బోరులో నీటిమట్టము నెలనెలకు వ్రాసిన పట్టిక, పంపు బాగుచేయు పనిముట్ల పెట్టె. వారిని రమ్మనుటకు డిసెంబరు కన్న మే నెల మేలు. ఎండకు తాళగలిగినవారే వత్తురు.