మీట నొక్కితే ఫార్ములరీ వస్తుందా?

"కంప్యూటరుంది, ఫార్మసీ సాఫ్టువేరుంది. మీట నొక్కితే ఆసుపత్రి మందుల జాబితా క్షణంలో అచ్చయి వస్తుంది. ఇంకా కమిటీలెందుకు, చర్చలెందుకు?" అనే మాట ఈమధ్య తరచుగా వింటున్నాను. వినడానికి బాగానే ఉంది. కాని మీట నొక్కగానే వచ్చేది సరుకుల పట్టీయే తప్ప ఫార్ములరీ కాదని నా అభిప్రాయం. ఏం కొన్నామో, ఎంత మిగిలిందో పట్టీ చెబుతుంది. ఏది కొనాలో, ఏ రూపంలో, ఎవరి అనుమతితో వాడాలో ఫార్ములరీ చెప్పాలి. ఈ తేడా మనకు తెలియకపోతే కష్టపడేది మంచం మీదున్న రోగి.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. మందులను క్రమంగా జెనరిక్ పేర్లతో వాడుకలోకి తేవాలని 1975లోనే హాథీ కమిటీ చెప్పింది. 1977లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలి ఆవశ్యక ఔషధాల జాబితాను ప్రకటించింది. మన జాతీయ జాబితా 1996లో వచ్చింది. 2022లో సవరించిన దానిలో 384 మందులున్నాయి. దేశం మొత్తానికి ముఖ్యమని ఎంచినవి 384 అయితే, ఒక్క ఆసుపత్రి సాఫ్టువేరులో వేలకొద్దీ పేర్లు ఎక్కడినుంచి వచ్చాయి?

జవాబు తేలికే. కొన్న ప్రతి బ్రాండూ, ప్రతి మోతాదూ, గుమాస్తా కొట్టిన ప్రతి తప్పు స్పెల్లింగూ ఒక కొత్త వరుస అవుతుంది. నేను చూసిన ఒక రిపోర్టులో పారాసిటమాల్ ఒకచోట తన పేరుతోనూ, మరోచోట క్రోసిన్‌గానూ, ఇంకోచోట డోలోగానూ ఉంది. మూడూ వేర్వేరు మందులన్నట్టే యంత్రం లెక్క కట్టింది. దానికేం తెలుసు పాపం!

ఇది అక్షరక్రమానికి సంబంధించిన చిన్న విషయమని కొట్టిపారెయ్యకండి. "ఇన్సులిన్ ఇంజక్షన్" అని మాత్రమే అచ్చయిందనుకోండి. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లదీ ఉంది, 100 యూనిట్లదీ ఉంది. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో, సిరంజి గీతలు చూసి ఎక్కిస్తే రోగికి రెండున్నర రెట్ల మోతాదు పోతుంది. రాత్రి డ్యూటీలో ఉన్న హౌస్ సర్జన్‌కు ఆ జాబితా దారి చూపుతుందా, దారి తప్పిస్తుందా?

"పోనీ, ఎక్కువ వాడేవే జాబితాలో ఉంచుదాం" అంటారు కొందరు. అది మరీ ప్రమాదం. ఎండాకాలం మూడు నెలల వాడకం చూసి రిపోర్టు తీస్తే పాముకాటు మందు అట్టడుగున పడవచ్చు. తొలకరి పడి రైతులు పొలాల్లో దిగాక గాని దాని విలువ తెలీదు. కాన్పు వేళ గుర్రపువాతం వచ్చిన తల్లికిచ్చే మెగ్నీషియం సల్ఫేటు చాలా చవక. ఖర్చు లెక్కన చేసే ఏబీసీ విశ్లేషణలో అది చివరి తరగతిలో పడుతుంది. ప్రాణావసరం లెక్కన చేసే వీఈడీ విశ్లేషణలో మొదటి తరగతిలో నిలుస్తుంది. ఏ లెక్క పట్టుకోవాలో యంత్రం నిర్ణయించదు. మనం నిర్ణయించకపోతే కొనుగోలు విభాగమో, మెడికల్ రిప్రజెంటేటివో నిర్ణయిస్తారు. అసలు భయం అదే.

అలాగని నేను కంప్యూటరుకు వ్యతిరేకిని కాను. వందల పేజీలు చేత్తో రాసుకునే రోజులు మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? నేననేది ముందు ఇల్లు సర్దుకోమని. సాఫ్టువేరులో ప్రతి మందుకూ జెనరిక్ పేరు, రూపం, మోతాదు, చికిత్సా తరగతి, ఎవరు రాయవచ్చో అనే స్థాయి నింపాలి. "ఫార్ములరీలో ఉంది, లేదు" అనే గడి ఒకటి పెట్టాలి. ఆ గడిలో టిక్కు పెట్టే అధికారం డాక్టర్లు, ఫార్మసిస్టులు, నర్సులు కూర్చునే ఔషధ కమిటీకే ఉండాలి. అప్పుడు టిక్కు ఉన్నవాటినే తరగతులవారీగా తీసి, జెనరిక్ పేర్ల సూచిక చేర్చి, ప్రతి పేజీ మీదా తేదీ వేసి అచ్చు తియ్యాలి. నిల్వ అయిపోయిన మందు జాబితాలోంచి మాయం కాకూడదు. "నిల్వ లేదు" అని కనబడాలి. లేకపోతే లోటును అడిగే నాథుడుండడు.

విద్యార్థి మిత్రులారా! రేపు ఈ గడులు నింపే ఉద్యోగాలు మీవే. ఫార్మకాలజీ పరీక్ష కోసం బట్టీపట్టిన తరగతులకు అసలు ప్రయోజనం అక్కడే ఉంది. మన కాలేజీలు తమ దగ్గర్లోని ఆసుపత్రులతో మాట్లాడి, చివరి సంవత్సరం విద్యార్థులకు అధ్యాపకుల పర్యవేక్షణలో ఈ పని ప్రాజెక్టుగా ఇవ్వాలి. ఆసుపత్రికి శుభ్రమైన జాబితా, మీకు నిజమైన చదువు దక్కుతాయి. మందుల చీటీ పట్టుకుని బయటి షాపుల చుట్టూ తిరిగే పేదవాడికి కొంతైనా ఆ తిప్పలు తప్పుతాయి.