గోల్ఫు కఱ్ఱలు కొనబోవు సోదరికి

హైదరాబాదునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. గోలకొండ కోటవద్దనున్న మైదానమున ఆమె ఆఱు మాసములుగా గోల్ఫు నేర్చుకొనుచున్నారట. ఇంతవఱకు గురువుగారి కఱ్ఱలతో నాడిరి. ఇపుడు స్వంతముగా నొక సెట్టు కొనగోరగా, భర్తగారు "క్రొత్తవెందుకు? నా పాతవి నీ యెత్తునకు కోయించి యిచ్చెదను" అనిరట. అత్తగారును ఆ మాటకు సంతోషించిరట. "మీరేమందురు?" అని సోదరి ప్రశ్న.

గడియారము మొదలు సైకిలు వఱకు మగవారు వాడి విడిచినవి ఇంటి యాడువారికి దిగివచ్చుట మనకు క్రొత్తగాదు. అందు కొంత పొదుపు కలదు, మేము కాదనము. కాని కఱ్ఱల విషయమున నిది పొదుపువలె కనబడు నష్టము.

గోల్ఫు కఱ్ఱకు క్రింద బంతిని కొట్టు తల, నడుమ సన్నని కామ, పైన పిడి యుండును. విసరునపుడు కామ యించుక వంగి మరల సాగును. ఆ వంపు విసరువారి వేగమునకు తగియుండవలెను. కామను కోసినచో పొట్టియగుటయే గాక మునుపటికంటె బిగువగును. విసరు వేగము తక్కువగా నున్నవారు బిగువు కామతో కొట్టినచో బంతి పైకి లేవదు. కుడిచేతివాటము వారికి తఱచు కుడిప్రక్కకు పోవును. కామ తగ్గినకొలది తల బరువును చేతికి తెలియదు. పిడి చూడబోయిన పెద్ద చేతికి చేసినది. దానిని నొక్కి పట్టి పట్టి మణికట్లు నొచ్చును. వీనిలో నేదియు నామె తప్పు గాదు. అయినను బంతి లేవనపుడు ప్రక్కవారు "ఈ వయస్సున నీకెందుకీ యాట" అందురు, ఆమెయు నమ్మును. సంచి యటకెక్కును. మా భయమంతయు నిందులకే.

కావున సోదరీ, ముందు మీ యెత్తును, నిలుచున్నపుడు మణికట్టునుండి నేలవఱకు గల దూరమును కొలిపించుకొనుడు. రవికె కుట్టించుటకు పొరుగింటామె కొలతల నిత్తుమా? ఐరనులకు ఉక్కు కామ సుమారు 100 మొదలు 130 గ్రాములు తూగును. గ్రాఫైటు కామ 50 మొదలు 80 గ్రాములలో నుండును. క్రొత్తగా నేర్చుకొను స్త్రీలలో పెక్కుమందికి గ్రాఫైటే మేలు. కామలపై ఎల్, ఏ, ఆర్, ఎస్ అను గుర్తులుండును. ఎల్ మిక్కిలి మెత్తనిది. అంగడివారు ఆడువారికని మొదట చూపునదియు నదియే. కాని పొడవును బలమును గల స్త్రీకి ఏ గాని ఆర్ గాని సరిపడవచ్చును. గులాబిరంగు పూసినంతమాత్రమున నది మీ కఱ్ఱ గాదు.

సంచిలో 14 కఱ్ఱలకు మించరాదని 1938లో అమెరికాలోను, 1939లో బ్రిటనులోను నియమ మేర్పడినది. అది హద్దే గాని, అన్నియు నుండితీరవలెనని కాదు. మీకిపుడు ఏడు చాలును: 5వ నెంబరు వుడ్డు, ఒక హైబ్రిడ్డు, 7, 9 నెంబరుల ఐరనులు, పిచింగు వెడ్జి, ఇసుకగుంటనుండి బంతిని తీయు శాండ్ వెడ్జి, పట్టరు. వుడ్డనుట పేరునకే, నేడు దాని తల లోహముతోనే చేయుదురు. అందఱు ముచ్చటపడు డ్రైవరును తరువాత కొనవచ్చును.

పట్టరును మాత్రము తొందరపడి కొనవలదు. 18 గుంటల ఆటకు 72 దెబ్బలు లెక్కయైనచో అందు సగము, అనగా 36, పట్టరుకే విడిచియున్నారు. బెంగుళూరు పడుచు అదితీ అశోక్ దూరము కొట్టుటలో పలువురికంటె వెనుకబడియు, పట్టరు నేర్పుతోనే 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానము పొందినది. పతకము ఒక్క దెబ్బలో తప్పిపోయినది. అపుడామె కఱ్ఱల సంచి మోసినది కన్నతల్లియే. పట్టరుతో కొట్టు దెబ్బ మెల్లనిది గనుక దాని కామ బిగువు అంతగా బాధింపదు. మీ భర్తగారి సంచినుండి తీసికొనదగినది ఏదైన నున్నచో, పొడవు కుదిరినయెడల, అదియే. ఇచ్చెదరో లేదో! మగవారు సంచియంతయు దానము చేయుదురు గాని పట్టరును వదలరు.

వాడినవి కొనుట తప్పుగాదు. తలపై గాడులు అరిగినవా, కామ చీలినదా, కదిపిన లోపల చప్పుడగునా యని చూడుడు. పిడి యెండి గట్టిపడినచో మార్పించుట స్వల్పవ్యయమే. ప్రసిద్ధ కంపెనీల పేర్లతో నకిలీవి వచ్చుచున్నవి. మిక్కిలి చవుకగా నిత్తుమనువానిని నమ్మవలదు. ఏవి కొన్నను 7వ నెంబరు ఐరనునే రెండు విధముల కామలతో తెప్పించి, ఒక్కొక్క దానితో పది బంతులు కొట్టి చూచిన పిదపనే పైకము చెల్లింపుడు.

ఇక పాత కఱ్ఱలు. వానిని కోయింపనీయకుడు. కోసినవానిని కొనువారరుదు, ఉన్నవియున్నట్లు అమ్మినచో మీ సెట్టు ఖర్చులో కొంత కలిసివచ్చును. అత్తగారికి ఈ లెక్క చెప్పి చూడుడు.

పిల్లలకు కఱ్ఱలు కొనుటనుగూర్చి మఱియొక సోదరి యడిగియున్నారు. అది వచ్చు మాసము వ్రాయుదుము.