సంతవీధి ఎవరి పేరున ఉంది?

పట్నాలు పెరగడం గురించి రాసేవాళ్లు హైదరాబాదు చెరువుల గురించి రాస్తారు, విశాఖ కొండల గురించి రాస్తారు. ఏజెన్సీ సంతవీధి వాళ్ల కంటికి ఆనదు. మన దగ్గరికి పట్నం ఒక్కసారిగా రాలేదు. ముందు ఉప్పు, బట్టలు తెచ్చే షావుకారు వచ్చాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేశాడు. షెడ్డు దుకాణమైంది, దుకాణం మీద అంతస్తులు లేచాయి, ఇప్పుడక్కడ లాడ్జి నడుస్తోంది. స్థలం ఎవరిదని అడిగితే, చాలాచోట్ల కాగితంలో మనవాడి పేరే ఉంటుంది.

చట్టం లేక కాదు. 1917లోనే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూముల బదిలీకి అడ్డుకట్ట వేసింది. 1959 రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. అదే మన 1/70. గిరిజనేతరుడి చేతిలో ఏజెన్సీ భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే ఆ చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవలసింది అతనే. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ప్రభుత్వానికీ ఇదే వర్తిస్తుందని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు కొత్త పాట ఎత్తుకున్నారు. ఊరు పెద్దదైంది, మున్సిపాలిటీ చేయండి అంటున్నారు. మున్సిపాలిటీ అయినా 1/70 పోదు. ఈ మాట మన ఉపాధ్యాయుల్లోనే చాలామందికి తెలియదు. పోయేది గ్రామసభ. 1996 పెసా చట్టం గ్రామసభకిచ్చిన అధికారం వార్డుకు లేదు. అసలు రాజ్యాంగంలోని మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డు ప్రాంతాలకు దానంతటది వర్తించదు. పార్లమెంటు వేరే చట్టం చేయాలి. 2001లో బిల్లు పెట్టారు, చట్టం కాలేదు. ఈలోగా పాల్వంచ, మణుగూరు, మందమర్రి మున్సిపాలిటీలు ఏళ్ల తరబడి ఎన్నికల్లేక అధికారుల చేతుల్లో నడిచాయి. గ్రామసభా లేదు, కౌన్సిలూ లేదు!

అభివృద్ధికి అడ్డా అని అడుగుతారు. మనకూ ఆసుపత్రి కావాలి, కాలేజీ కావాలి, మురుగుకాలువ కావాలి. వాటికోసం మన సభను ఎందుకు రద్దు చేయాలి?

తప్పంతా వాళ్లదే అని చేతులు దులుపుకోలేం. నాలుగు డబ్బులకు బినామీగా సంతకం పెట్టింది మనవాళ్లే. ఉద్యోగాలొచ్చిన మనం ఆ మేడల్లోనే అద్దెకుంటూ, అద్దె ఎవరికి చేరుతోందో అడగలేదు.

బడిలో నగరీకరణ పాఠం చెబుతూనే ఉన్నాం. ఈసారి మన యువకులతో కలిసి సంతవీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడుద్దాం. ఏ మేడ ఎవరి పేరున ఉంది, అద్దె ఎవరు తీసుకుంటున్నారు, రాసుకుందాం. ఆ జాబితాను గ్రామసభలో చదివి, తీర్మానం చేసి, భూబదిలీ కేసులు చూసే ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు చేతికిద్దాం. గ్రామసభ ఉండగానే ఈ పని కావాలి.