రోడ్డు వాహనమునకును ‘సిక్’ చీటీ కావలెను

టాటానగరు యార్డులోనికి ఇనుప ఖనిజపు గూడ్సు బండి వచ్చి నిలిచినంతనే క్యారేజి, వ్యాగను సిబ్బంది సుత్తి, టార్చిలైటు చేతబట్టి బండికి రెండు ప్రక్కల నడచుట మన రైల్వే సోదరులు నిత్యము చూచునదే. ఏ వ్యాగనులోనైన లోపము కనబడెనా, దానిమీద ‘సిక్’ అను చీటీ పడును. అటుపిమ్మట ఆ వ్యాగను సిక్ లైనునకు పోవలసినదే గాని రైలుతో కదలదు. చీటీ వేసినవారి హోదా ఎంత చిన్నదైనను, పద్ధతి ప్రకారము ఆ చీటీని కాదని వ్యాగనును నడుపుటకు పై అధికారికిని వీలులేదు.

అదే స్టేషను వెలుపల తపాలా సంచులు మోయు కాంట్రాక్టు వాహనములు నిలిచియుండును. వాని క్రింద చుక్క పడినచో చీటీ వేయువారెవరు? డ్రైవరే చూడవలెను, డ్రైవరే చెప్పవలెను, చెప్పినందుకు డ్రైవరే అనుభవింపవలెను. ఈ మాట మేము ఊరక అనుట లేదు.

గడచిన వేసవిలో అట్టి డ్రైవరు సోదరుడొకరు మా శాఖకు వచ్చి తమ గోడు చెప్పుకొనిరి. శ్రీకాకుళము వైపునుండి తాతలనాడు ఉక్కు కర్మాగారపు పనికై వలసవచ్చిన కుటుంబము. నేడు బాగ్‌బేడాలో కాపురము. తెల్లవారుజామున బండి తీయబోగా ఎడమవైపు వెనుక చక్రము లోపలి ప్రక్క టైరు తడిసియుండెనట. వేలితో తాకి చూడగా నీరు కాదు, జిడ్డు. బ్రేకు పెడలు త్రొక్కి పట్టియుంచగా అది కాలిక్రింద మెల్లగా దిగజొచ్చెను. ‘అయ్యా, ఈ బండిని మాంగో వంతెన దాటించి తీసికొనిపోలేను’ అని ఆయన సూపర్‌వైజరుతో చెప్పిరి. ‘నిన్నటివరకు నడిచిన బండి నేడెందుకు నడవదు? కాస్త నూనె పోసుకొని పోరాదా?’ అనునది సమాధానము. ఆయన కదలలేదు. రెండు దినముల కూలి కోతపడినది. ఆలస్యమునకు నీవే బాధ్యుడవను కాగితము చేతికి వచ్చినది. మరునాడు మెకానిక్ ఆ చక్రము విప్పగా వీల్ సిలిండరులోని రబ్బరు కప్పు చిరిగియుండెను. ఆ కప్పు వెల ఒక పూట భోజనపు ఖర్చును మించదు.

మన భాషలో ‘కారు’ అను మాట బండికిని, చుక్కలుగా జారుటకును ఒక్కటే యగుట ఒక వింత. పాత బండ్లు నడిపినవారు, చుక్క పడుట మానినచో లోపల నూనె అయిపోయినదని అర్థమని పరిహాసమాడుదురు. నవ్వుకొనుటకు బాగుగనే యున్నది. కాని చుక్కలన్నియు ఒక్కటి కావు. కొన్ని చుక్కలు జేబుకు నష్టము. కొన్ని ప్రాణమునకు నష్టము. ఈ భేదము వాహనము నడుపు తపాలా సోదరులకే గాక, పదవీ విరమణ సొమ్ముతో పాత కారు కొనుక్కొన్న మన పెద్దలకును తెలిసియుండుట అవసరము.

జంషెడ్‌పూరు వంటి యంత్రముల ఊరిలో ఈ జ్ఞానము కొరత కాదు. 1945లో అచ్చట స్థాపితమైన టాటా లోకోమోటివ్ సంస్థ మన రైల్వేలకు ఆవిరి ఇంజనులు తయారుచేసినది. 1954లో జర్మనీ దేశపు డైమ్లర్-బెంజ్ సహకారముతో లారీల తయారీకి పూనుకొన్నది. 1970లో ఆవిరి ఇంజనుల పని ముగిసినది. టెల్కో కాలనీలోను, ఆదిత్యపూరు షెడ్లలోను స్పానరు పట్టిన చేతులు ఇంటికొక్కటి యుండును. ఆ చేతులు నేర్పిన సంగతులనే ఇచ్చట వ్రాయుచున్నాము.

రాత్రివేళ బండి నిలుపుచోట ఒక తెల్లని అట్టముక్కనో, పాత వార్తాపత్రికనో పరచి, నాలుగు చక్రముల స్థానములు పెన్సిలుతో గుర్తువేయవలెను. తెల్లవారినపిమ్మట ఏ చుక్క ఎచ్చట పడినదో ఆ కాగితమే చెప్పును. ముందుభాగమున ఇంజను క్రింద గోధుమ లేక నలుపు రంగు జిడ్డు కనబడినచో అది ఇంజను ఆయిలు. డ్రెయిన్ ప్లగ్గు వదులైనను, గాస్కెట్టు చెడినను ఇట్లగును. డిప్‌స్టిక్కు తీసి మట్టము చూచి, క్రింది గీతకు దిగకుండ పోయుచు మెకానిక్కువద్దకు చేరవచ్చును. నడచుచుండగా ఆయిలు ఎర్రదీపము వెలిగినచో మాత్రము ఇంజను తక్షణము ఆపవలెను. పచ్చ, గులాబి, నారింజ రంగులలో నొకటియై, కొంచెము బంకగా తియ్యని వాసనతో నున్నది రేడియేటరులోని కూలెంటు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషము. రుచి తియ్యగా నుండుటచే కుక్కలు నాకును, పసిపిల్లలు వేలుపెట్టుదురు. కనుక వెంటనే నీటితో కడిగివేయవలెను. ఎర్రగా పలుచగా నున్నచో పవర్ స్టీరింగు నూనె కావచ్చును. చిక్కగా నుండి గంధకపు కంపు కొట్టినచో గేరు ఆయిలు. రంగు, వాసన, జిడ్డు ఏదియు లేక, ఏసీ వేసినపిమ్మట ముందు సీటు క్రింది భాగమున పడు నీటిచుక్కలకు భయపడనక్కరలేదు. ఎండకాలమున వానిని చూచి బెదరి షెడ్డునకు పరుగెత్తినవారు మాలోనే కలరు.

పెట్రోలు సంగతి వేరు. అది మరక మిగల్చకుండ ఆవిరియగును, వాసనయే సాక్షి. వాసన తగిలినచో తాళము త్రిప్పరాదు, బీడీ ముట్టింపరాదు, బండిని చేతులతో త్రోసి ఆరుబయటకు చేర్చవలెను. ట్యాంకునకు పడిన సన్నని చిల్లుమీద బట్టల సబ్బు రుద్ది ఊరు చేరిన డ్రైవర్ల కథలు రాంచీ రహదారిమీద వినబడుచుండును. సబ్బు పెట్రోలులో కరగదు గనుక కొంతసేపు నిలుచుట నిజమే. రేడియేటరులో పసుపు పోసి చిల్లు పూడ్చిన కథలును అట్టివే. దారిలో చిక్కుకొన్నవాడు చేసుకొన్న ఉపాయమును మేము తప్పుపట్టము. ఆ ఉపాయమునే ఆరునెలలపాటు మరమ్మతుగా చలామణి చేయు యజమానిని మాత్రము తప్పుపట్టుచున్నాము. వేడిగా నున్న రేడియేటరు మూత విప్పుట, జాకీ ఒక్కదానిని నమ్మి బండి క్రింద దూరుట ఎంత అనుభవజ్ఞునకైనను తగదు.

ఇక బ్రేకు ద్రవము. క్రొత్తదైనచో నీళ్లవలె తేటగానో లేతపసుపుగానో యుండును, పాతబడినకొలది గోధుమవన్నె తిరుగును, రంగుపూత మీద పడినచో పూతను ఊడదీయును. చక్రముల లోపలి వైపునను, పెడలు పైభాగమునను దీని జాడ వెదకవలెను. ఇచ్చట రైల్వే సోదరులు ఒక విషయము గమనింపవలెను. రైలు బ్రేకునకు గొట్టము పొడవునను 5 కిలోల గాలి పీడనముండును. గొట్టము తెగినను, బండి విడిపోయినను పీడనము పడిపోయి బ్రేకులు తమంతట తామే పట్టును. వెస్టింగ్‌హౌస్ 1872లో కల్పించిన ఆటోమేటిక్ బ్రేకు సూత్రమిదియే. మన పెద్దలు వాడిన వ్యాక్యూమ్ బ్రేకులోను లీకు వచ్చినచో బండి నిలుచుటే జరిగెడిది. రైలులో లీకు బండిని ఆపును. కారులో, చిన్న వ్యానులో లీకు బండిని ఆపనీయదు. పెడలు త్రొక్కిన బలము ద్రవము ద్వారా చక్రమునకు చేరవలెను. ద్రవము బయటికి పోయినచో కాలిబలము గాలిలో కలియును. నేటి వాహనములలో రెండు వేరువేరు గొట్టముల మార్గములుండుటచే ఒకటి చెడినను రెండవది కొంత పట్టునన్నది నిజమే. సంచులతో నిండిన బండి వంతెన దిగునప్పుడు ఆ ‘కొంత’ చాలునా అని మా ప్రశ్న.

కనుక బ్రేకు లీకునకు దారి ఉపాయము లేదు. సూపర్‌వైజరు చెప్పిన ‘కాస్త నూనె’ మరింత ప్రమాదకరము. బ్రేకు డబ్బాలో ఇంజను ఆయిలు పోసినచో రబ్బరు కప్పులన్నియు ఉబ్బి, ఒక చక్రపు రోగము నాలుగింటికిని, మాస్టరు సిలిండరునకును ప్రాకును.

చట్టము ఏమనుచున్నది? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 190వ సెక్షను ప్రకారము, ప్రమాదకరమైన లోపము కలదని తెలిసియు, లేక సామాన్య జాగ్రత్తతో తెలిసికొనదగియుండియు వాహనమును నడిపినవారే గాక, నడిపించినవారును, నడుపనిచ్చినవారును శిక్షార్హులు. 2019 సవరణతో జరిమానా 1500 రూపాయలైనది. ఆ లోపమువలన ఎవరికైన గాయమైనచో మూడు మాసముల వరకు జైలుశిక్షయు పడవచ్చును. ‘నడిపించినవారు’ అను మాట చట్టములో నున్నను, రోడ్డుమీద పోలీసులకు దొరకువాడు స్టీరింగు పట్టినవాడే. లోపము చెప్పి ఆగినచో కూలి కోత, చెప్పక నడిపినచో కేసు: ఈ రెంటి నడుమ డ్రైవరు నలుగుచున్నాడు. ఆసన్నమైన ప్రాణాపాయమునుండి సహేతుకముగా తప్పుకొన్న కార్మికునికి దాని మూలమున హాని కలుగరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లోనే 155వ ఒడంబడికలో వ్రాసినది. 2022లో ఆ ఒడంబడికను మౌలికములలో చేర్చినది.

ఇట్టి హక్కు ఇచ్చినచో ప్రతి సోమరియు చుక్క నెపముతో బండి ఆపునని యాజమాన్యములు వాదించును. ఈ వాదమును మేము తేలికగా త్రోసివేయుట లేదు. దుర్వినియోగము చేయువారు ఎచ్చటనైన కలరు. కాని చుక్క అబద్ధమాడదు. అట్టముక్క ఉన్నది, తడిసిన టైరు ఉన్నది, దిగిపోవు పెడలు ఉన్నది. పది నిమిషములలో మెకానిక్ తేల్చగలడు. ఆ పది నిమిషములు కేటాయింపక, చెప్పినవానినే శిక్షించినచో, రేపు మరియొకడు తడిసిన టైరును చూచియు చూడనట్లు ఊరకుండును. ఆ మౌనమే మాకు భయము.

చుక్కల విషయములో మన తప్పును ఒకటి కలదు. మార్చిన నూనెను డ్రెయినులో పారబోయుట మనలో ఎందరికో అలవాటు. జంషెడ్‌పూరు మురుగు చేరునది సువర్ణరేఖకు, ఖర్కాయికి. సోనారీ వద్ద ఆ రెండును కలిసి, దిగువన బెంగాలు, ఒడిశాల మీదుగా సముద్రము చేరును. 2016 నాటి నియమముల ప్రకారము వాడిన నూనె ప్రమాదకర వ్యర్థము. డబ్బాలో పట్టి, నూనె మార్చు షెడ్డు ద్వారా అనుమతిగల శుద్ధి కేంద్రమునకు చేర్పించుట కష్టమైన పని కాదు.

మేము కోరునది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. తపాలా సంచులు మోయు ప్రతి వాహనములోను, రైల్వేవారు అద్దెకు తీసికొను ప్రతి జీపులోను ఒక లోపముల పుస్తకము ఉండవలెను. డ్రైవరు వ్రాసిన లోపము క్రింద తేదీతో, సమయముతో సూపర్‌వైజరు సంతకము చేయవలెను. బ్రేకు, పెట్రోలు, స్టీరింగు లీకులకు వ్యాగనునకు వలెనే ‘సిక్’ చీటీ వేయు అధికారము డ్రైవరునకే యుండవలెను; మెకానిక్ సంతకము లేనిది ఆ చీటీ తీయరాదు. చీటీ పడిన దినపు కూలిని కాంట్రాక్టరు చెల్లించునట్లు టెండరు షరతులలోనే చేర్చవలెను. మెయిల్ మోటారు సర్వీసు వర్కుషాపులున్న నగరములలో మన సభ్యులకు ఈ పద్ధతిలో కొంత ఇప్పటికే అలవాటైనది. కాంట్రాక్టు బండ్లున్న పట్టణములకే ఇది అందలేదు. డివిజను శాఖలు తమ తదుపరి సమావేశపు అజెండాలో ఈ అంశమును చేర్చి, తమవద్ద జరిగిన ఉదంతములను తేదీలతో వ్రాసి పంపగలరు.

బాగ్‌బేడా సోదరునికి రావలసిన రెండు దినముల కూలి విషయమై శాఖ పక్షమున సంబంధిత కార్యాలయమునకు రెండు పర్యాయములు వ్రాసియున్నాము. మెకానిక్ ఇచ్చిన బిల్లును, చిరిగిన రబ్బరు కప్పును రెండవ లేఖతో జతపరచి రిజిస్టరు పోస్టులో పంపితిమి. రసీదు మావద్ద నున్నది. సమాధానము ఇంకను రాలేదు.