డిలీట్ కొట్టే ముందు

వాటర్ రైడ్స్‌కి వయసైపోతోంది. ఇంగ్లండ్‌లోని ఆల్టన్ టవర్స్ పార్కులో 1981 నుంచి నడిచిన ఫ్లూమ్ రైడ్‌ని 2015లో మూసేశారు. ఆ స్థలంలోనే 2018లో వికర్ మ్యాన్ అనే రోలర్ కోస్టర్ వచ్చింది.

పార్కు వాళ్ళ లెక్క నాకూ అర్థమవుతుంది. రోజంతా పంపులతో నీళ్ళు పైకి తోడాలి, శుభ్రం చెయ్యాలి, లీకులు ఆపాలి. పైగా చలిలో తడవడానికి ఎవరొస్తారు?

కానీ పోయిందేమిటో చూడండి. దుంగలాంటి ఆ పడవలో మనవడు, నాన్న, మామ్మ ఒకే వరుసలో కూర్చోవచ్చు. అదే కోస్టర్ అయితే, మామ్మ అందరి బ్యాగులూ పట్టుకుని బెంచీ మీద ఉండిపోతుంది.

పాతదాన్ని అలాగే నడపమని నేననను. తుప్పు పట్టిన బోల్టు దగ్గర సెంటిమెంట్ పనికిరాదు. కానీ మా తణుకు వైపు చూడండి. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట పాతబడింది. 1982 నాటికి కొత్త బ్యారేజీ కట్టారు గానీ కాలువలు పూడ్చెయ్యలేదు. ఇప్పటికీ వేసవిలో కాలువలు కట్టేసి రిపేర్లు చేసుకుంటాం, మళ్ళీ నీళ్ళు వదులుకుంటాం.

పార్కుల్లోనూ ఇది కుదురుతుంది. కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫార్మ్‌లో 1969 నాటి లాగ్ రైడ్‌ని 2013లో బాగుచేసి మళ్ళీ నడిపారు. మన సీఎస్‌ఈ భాషలో చెప్పాలంటే రీఫ్యాక్టర్ చేశారు.

హైదరాబాద్ వండర్‌లా 2016లో మొదలైంది. రేపు అక్కడి రైడ్స్ పాతబడితే, నిర్ణయం తీసుకునే ఇంజనీర్ మనలోనే ఉండొచ్చు. తీసెయ్యాల్సి వస్తే తీసెయ్యండి. కొత్తదాంట్లో మామ్మకి సీటుందో లేదో మాత్రం ముందే చూడండి.