వంతెన వేసినవారే పూచీ పడాలి

మధురానగర్ మెట్రో స్టేషన్ దిగి, కనిపించిన ఏటీఎంలో ఏ బ్యాంకు కార్డు పెట్టినా నోట్లు వస్తాయి. దీని వెనుక ఉన్నది హైదరాబాద్ బుర్రే. మాసబ్‌ట్యాంక్‌లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థ 2004 ఆగస్టులో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌ను మూడే బ్యాంకులతో ప్రారంభించింది. ఎవరి దారి వారిదిగా ఉన్న ఏటీఎం నెట్‌వర్కులను ఒకదానితో ఒకటి మాట్లాడించింది. 2009 డిసెంబరులో ఆ స్విచ్ నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ (ఎన్‌పీసీఐ) చేతికి వెళ్లింది. ఖాతాలో డబ్బు తగ్గి మెషిన్‌లోంచి నోట్లు రాకపోతే ఐదు రోజుల్లో తిరిగి జమ చేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున ఖాతాదారుకు చెల్లించాలి. ఇది 2019లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన. రెండు నెట్‌వర్కులను కలిపినప్పుడు నడుమ పోయిన సొమ్ముకు ఎవరు జవాబుదారీ అన్నది అక్కడ ముందే తేలిపోయింది.

బ్లాక్‌చెయిన్ల ప్రపంచంలో అది నేటికీ తేలలేదు. ఎథీరియం అనే చెయిన్ పద్దు సొలానా అనే మరో చెయిన్‌కు తెలియదు, సొలానా పద్దు ఎథీరియంకు తెలియదు. బ్యాంకు లేకుండా అప్పులు, వడ్డీలు, మారకాలు నడిపే డీఫై వ్యాపారం మాత్రం అన్ని చెయిన్ల మీదా పరుచుకుంది. ఒకచోటి సొమ్ము మరోచోట వాడుకోవాలంటే బ్రిడ్జి కావాలి. చాలా బ్రిడ్జిల పద్ధతి ఒకటే. అసలు టోకెన్‌ను ఈ ఒడ్డున తాళం వేసి పెడతారు, దానికి బదులుగా ఆ ఒడ్డున ఒక రసీదు టోకెన్ ఇస్తారు. తాళం పగిలిందా, ఆవలి ఒడ్డున జనం చేతిలో ఉన్న రసీదులకు చిల్లిగవ్వ విలువ ఉండదు.

తాళాలు పగులుతూనే ఉన్నాయి. 2022 మార్చిలో రోనిన్ బ్రిడ్జి నుంచి సుమారు 62 కోట్ల డాలర్లు పోయాయి. తాళం తెరిచే తొమ్మిది రహస్య కీలలో ఐదు దొంగలకు చిక్కాయి. అందులో నాలుగు ఒకే కంపెనీవి. ఐదోది ఎప్పుడో ఇచ్చి వెనక్కి తీసుకోవడం మరిచిన అనుమతి పుణ్యాన దొరికింది. ఉత్తర కొరియా ముఠా పనేనని ఎఫ్‌బీఐ తేల్చింది. కొత్త ఉద్యోగం ఆఫర్ పేరుతో ఒక ఇంజనీరుకు పంపిన ఫైలే దొంగలకు తలుపు తెరిచిందని వార్తలొచ్చాయి. (మాదాపూర్‌లో ఇది చదివేవారు ఇన్‌బాక్స్ ఒకసారి చూసుకోవచ్చు.) అంత సొమ్ము పోయిందని ఆరు రోజుల దాకా ఎవరూ గమనించలేదు. ఎవరో తమ డబ్బు తీసుకోబోతే రాకపోవడంతో సంగతి బయటపడింది.

దానికి నెల ముందు వర్మ్‌హోల్ బ్రిడ్జిలో దొంగ ఒక్క పైసా కట్టకుండానే 1,20,000 ఈథర్‌కు రసీదులు సృష్టించుకున్నాడు. ఆ బ్రిడ్జి వెనకున్న జంప్ క్రిప్టో సంస్థ తన జేబులోంచి ఆ లోటు పూడ్చింది గనుక మదుపర్లు బతికారు. ఆగస్టులో నోమాడ్ బ్రిడ్జి వంతు: అప్‌డేట్‌లో జరిగిన పొరపాటుతో తలుపు బార్లా తెరుచుకోగా, మొదటివాడు చేసిన లావాదేవీని కాపీ కొట్టి వందలాది మంది అందినంత పట్టుకుపోయారు. ఆ ఏడాది ఆగస్టు నాటికి క్రిప్టో చోరీల సొమ్ములో 69 శాతం బ్రిడ్జిలదేనని చైనాలసిస్ సంస్థ లెక్క కట్టింది.

ఈ గొడవ తెలంగాణకు ఎందుకంటే, ఈ రాష్ట్రం కోరి ఈ రంగంలోకి దిగింది. 2018లో టెక్ మహీంద్రాతో కలిసి బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ ప్రకటించింది, మరుసటి ఏడాది విధాన ముసాయిదా తెచ్చింది, కొత్త సంస్థల ప్రయోగాలకు వెబ్3 శాండ్‌బాక్స్ తెరిచింది. సినిమా రంగమూ ఈ గాలికి దూరంగా లేదు. తన ‘డేంజరస్’ సినిమాను ఎన్‌ఎఫ్‌టీగా, అంటే బ్లాక్‌చెయిన్ టోకెన్‌గా అమ్ముతానని రామ్‌గోపాల్ వర్మ 2021లోనే ప్రకటించారు. ఫైనాన్షియర్ వడ్డీల మీద నడిచే ఫిల్మ్‌నగర్‌కు టోకెన్ల మాట తీయగానే వినిపిస్తుంది. సినిమాలో వాటా ఒక చెయిన్ మీద, డాలర్ విలువతో నడిచే క్రిప్టో నాణెం మరో చెయిన్ మీద ఉన్న రోజున నడుమ బ్రిడ్జి తప్పదు.

కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టును అడిగినా చెబుతారు, పరాయి సొమ్ము పోగేసేవాడు ముందు పూచీ చూపాలని. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం పది లక్షల చీటీ మొదలుపెట్టాలంటే నిర్వాహకుడు ఆ పది లక్షలకూ ముందే డిపాజిట్ రూపంలోనో, ప్రభుత్వ సెక్యూరిటీల రూపంలోనో హామీ పెట్టాలి. ఇదే రాష్ట్రం టీ-చిట్స్ పేరుతో చీటీల లెక్కలను బ్లాక్‌చెయిన్ మీదికి ఎక్కించింది కూడా. వీధి చీటీకి ఉన్నపాటి కట్టడి వందల కోట్ల డాలర్లు మోసే బ్రిడ్జికి లేకపోవడం ఏం న్యాయం?

తమది వికేంద్రీకృత వ్యవస్థ, పట్టుకోవడానికి యజమానే లేడని నిర్వాహకులు వాదిస్తారు. 2023 జులైలో మల్టీచెయిన్ బ్రిడ్జి నుంచి 12 కోట్ల డాలర్లకు పైగా తరలిపోయాక ఆ బృందమే అసలు సంగతి ఒప్పుకొంది: తమ సీఈఓను మే నెలలోనే చైనా పోలీసులు తీసుకెళ్లారు, కీలన్నీ ఆయన ఒక్కరి అదుపులో ఉన్నవే! కీ ఎవరి చేతిలో ఉంటే వారే యజమాని. చట్టం వారినే పట్టుకోవాలి.

గట్టి నిబంధనలు పెడితే కంపెనీలు దుబాయ్ వెళ్లిపోతాయన్నది రెండో వాదన. పూచీ ఇవ్వలేని కంపెనీ వెళ్లిపోతే ఈ నగరానికి పోయేదేమీ లేదు. బ్రిడ్జిలకు మెరుగైన దారులు లేకా కాదు. కాస్మాస్ అనే చెయిన్ల వర్గంలో 2021 నుంచి నడుస్తున్న ఐబీసీ పద్ధతిలో నడుమ కీలు పట్టుకునే మధ్యవర్తులుండరు. ఒక చెయిన్ రుజువును రెండో చెయినే స్వయంగా సరిచూసుకుంటుంది. ఎథీరియం వంటి చెయిన్ మీద ఆ తనిఖీకి ఖర్చు ఎక్కువ. అందుకే చాలామంది నాలుగు కీల చౌక దారి పట్టారు.

కేంద్రం 2022 నుంచి క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను గుంజుతోంది. 2023 మార్చిలో క్రిప్టో ఎక్స్ఛేంజీలను మనీ లాండరింగ్ చట్టం కిందికి తెచ్చింది. రెండూ ఖజానా కోసం, నిఘా కోసం చేసినవే. మదుపరి సొమ్ముకు భద్రత వాటిలో లేదు. చెల్లింపుల వ్యవస్థ నడపాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి తప్పనిసరి అన్న 2007 చట్టం తరహా కట్టుబాటు బ్రిడ్జిలకూ రావాలి. ఎక్స్ఛేంజీలు అమ్మేది అసలు టోకెనో, రసీదు టోకెనో కొనేవారికి తెలుగులో చెప్పాలి. ఢిల్లీ కదిలే దాకా రాష్ట్రం ఆగనక్కర్లేదు. కీలు ఎన్ని, ఎవరెవరి దగ్గర ఉన్నాయి, గంటకు గరిష్ఠంగా ఎంత సొమ్ము దాటొచ్చు, పోతే పూడ్చే నిధి ఎక్కడుంది, ఈ నాలుగూ రాసివ్వని బ్రిడ్జికి శాండ్‌బాక్స్‌లో చోటు ఇవ్వకూడదు. రాసిచ్చినవి నిజమో కాదో పరీక్షించే పని, దేశపు ఏటీఎంలను కలిపిన ఐడీఆర్‌బీటీకి అప్పగించమని రిజర్వు బ్యాంకును ఇప్పుడే కోరాలి.