కవచానికీ కావాలి కటింగ్ మాస్టర్

రక్షణ కవచం కొనేవాళ్లు ముందు అడిగేది తోలు ఎంత మందం, పలక ఎంత బరువు, ధర ఎంత అని. ఎవరి ఒంటికి కోశారని అడిగేవాళ్లు తక్కువ. రాళ్లదాడిలో పోలీసులు వేసుకునే ఛాతీ కవచమైనా, నిప్పురవ్వల మధ్య పనిచేసే వెల్డర్ కట్టుకునే తోలు ఏప్రన్ అయినా, బైక్ రేసర్ తోలు సూట్ అయినా ఇదే వరస. కానీ ఏ గట్టి కవచమైనా పనికొస్తుందా రాదా అన్నది చాలావరకు కత్తెర పట్టకముందే, కాగితం మీద ప్యాటర్న్ గీసేటప్పుడే తేలిపోతుంది. ఆ కాగితానికి డబ్బు పెట్టడానికి మనసొప్పనివాళ్లు ఎంత ఖరీదైన తోలు కొన్నా దండగే.

తోలు గుణమే ఈ మాట చెబుతుంది. బట్ట మీద కుట్టు తప్పితే విప్పి మళ్లీ వేయొచ్చు. లోపల మడిచి వదిలిన గుడ్డను తీసి లూజు చేయొచ్చు. తోలులో సూది దిగిన చోట రంధ్రం అలాగే ఉండిపోతుంది, ఆల్టరేషన్ అన్న మాటే లేదు. ఒకే చర్మంలో వీపు భాగం బిగువుగా ఉంటుంది, పొట్ట భాగం సాగుతుంది. ఏ ముక్క ఎక్కణ్నుంచి తీయాలో కూడా ప్యాటర్నే నిర్ణయించాలి. మధ్యయుగ యూరప్‌లో లాగా వేడినీళ్లలో ముంచి గట్టిపరిస్తే తోలు కుంచించుకుపోతుంది. ఆ తరుగును ముందే లెక్కేసుకోకపోతే కవచం తొడిగే మనిషికి చాలదు.

అందుకే ఈ పని తెలిసినవాళ్లు టేపుతో ఛాతీ, నడుము కొలిచి సరిపెట్టుకోరు. కవచం కింద వేసుకునే మందపాటి దుస్తులు తొడిగించి, పైన పల్చటి ప్లాస్టిక్ చుట్టి, దాని మీద అతుకుటేపు పొరలు పొరలుగా అంటించి ఒంటి మీదే ఒక పెంకు కడతారు. గొంతు గుంట నుంచి బొడ్డు దాకా ఒక గీత, వెన్నెముక మీద ఒకటి, పక్కలకు చెరొకటి గీస్తారు. మనిషిని పక్కకి వంగమంటే మడత ఎక్కడ పడుతుందో అదీ నడుము. ప్యాంటుకు బెల్టు పెట్టుకునే చోటే నడుమనుకుని కోస్తే కవచం పొడవైపోతుంది. కూర్చోగానే కింది అంచు తొడలకు తగిలి, పై అంచు గొంతులోకి పొడుచుకొస్తుంది. డ్యూటీలో సగం వ్యానులోనే కూర్చునే కానిస్టేబుల్‌కు అది ఎంత నరకమో వేరే చెప్పాలా? చంక దగ్గర ఇంకా జాగ్రత్త పడాలి. రెండు చేతులూ ముందుకు తెప్పించి నమస్కారం పెట్టించి చూస్తే భుజానికీ ఛాతీకీ మధ్య కండ ముడుచుకుంటుంది. ముందువైపు అంత మేరా లోతుగా కోయాలి, వెనక అంత అక్కర్లేదు. ఇరుకు చంక ఉన్న కవచం చెయ్యెత్తితే చేతితోపాటే మొత్తంగా లేస్తుంది. దెబ్బ కాచుకోవడానికి చెయ్యెత్తిన క్షణానే పొట్ట బయటపడుతుంది.

పెంకును కోసి బల్ల మీద పరిస్తే ఛాతీ దగ్గర చదునుగా పడుకోదు, ఉబ్బుగా లేస్తుంది. అక్కడ చీలిక ఇవ్వాల్సిందే. తర్వాత కుట్టు పడేదీ, రెండు ముక్కలు కలిసేదీ ఆ చీలిక దగ్గరే. అప్పుడు కాగితం మీదికి, ఆ తర్వాత మందపాటి అట్ట మీదికి మార్చి తొడిగి చూస్తారు. గుడ్డతో ట్రయల్ వేస్తే మోసపోతాం. గుడ్డ అన్ని వైపులా లొంగుతుంది, అట్ట మందపాటి తోలులాగే ఒక వైపుకే వంగుతుంది. ఊపిరి నిండా పీల్పించి కొలవకపోతే నాలుగు అడుగులు పరుగెత్తగానే మనిషి పట్టీలు వదులు చేసుకుంటాడు.

ఒక్కొక్కరికీ ఇంత తతంగం ఎందుకు, సగటు సైజులో కోసి పట్టీలు పెడితే చాలదా అని అడగొచ్చు. ఆ సగటు మనిషి కోసం అమెరికా వైమానిక దళం ఒకసారి వెతికింది. 1950లో 4,063 మంది సిబ్బందిని కొలిచారు. గిల్బర్ట్ డేనియల్స్ అనే పరిశోధకుడు అందులోంచి పది కొలతలు తీసుకుని, ఒక్కోదానిలో మధ్యస్థంగా ఉన్న 30 శాతం మందిని సగటువాళ్లుగా లెక్కేశాడు. పదింటిలోనూ సగటున నిలిచినవాడు ఒక్కడూ లేడు. పట్టీ సంగతికొస్తే, అది చుట్టుకొలతను సర్దుతుందే తప్ప గొంతు నుంచి నడుము దాకా ఉన్న పొడవును ఒక్క అంగుళం కూడా తగ్గించలేదు. 2019 మార్చిలో నాసా ఇద్దరు మహిళలతో తలపెట్టిన తొలి స్పేస్‌వాక్ ఎందుకు మారిపోయింది? ఇద్దరికీ సరిపోయేది స్పేస్‌సూట్‌లోని మీడియం సైజు గట్టి మొండెం భాగం. వాడకానికి సిద్ధంగా ఉన్నది ఒక్కటే. కోట్ల డాలర్ల కార్యక్రమం సైజు దగ్గర ఆగి, అక్టోబరుకు గానీ జరగలేదు. విడ్డూరమేమిటంటే, 1960లలో స్పేస్‌సూట్ రూపకర్తలు కీళ్ల కోసం అధ్యయనం చేసినవాటిలో ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీకి 1520లో చేసిన ఉక్కు కవచం కూడా ఉంది. అది అతని ఒక్కడి ఒంటికి చేసింది.

క్రమశిక్షణ ఉంటే ఎలాంటిదైనా వేసుకుంటారనేది ఇంకో వాదన. 1997లో లండన్‌లో ఒక మహిళా కానిస్టేబుల్ తలుపు బద్దలుకొట్టే పనికి అడ్డొస్తోందని కవచం తీసేసి లోపలికి వెళ్లింది. లోపలున్నవాడి కత్తిపోటుకు ప్రాణాలు పోయాయి. పని చేయనివ్వని కవచాన్ని మనిషి విప్పేస్తాడు. దాన్ని క్రమశిక్షణ లోపమని రాసుకోవడం ఫైలుకు సులువు. మన పోలీసు నియామకాల్లో మహిళల వాటా పెరుగుతోంది కాబట్టి ఇది మన సమస్య కూడా. మగవాళ్ల ప్యాటర్న్‌నే కాస్త చిన్నది చేసి ఇస్తే ఛాతీ దగ్గర బిగిసి, నడుము దగ్గర ఖాళీ మిగులుతుంది. అలాగని సినిమాల్లో వీరనారులకు రెండు గిన్నెలు బోర్లించినట్టు చేసే కవచం ఇంకా ప్రమాదం. ఆ మధ్య లోయ పోటును పక్కకు జారనివ్వదు, సూటిగా రొమ్ము ఎముక మీదికే దారి చూపిస్తుంది. ముందుకు ఒకే వంపుగా ఉబ్బి, లోపల చోటిచ్చే కోత కావాలి.

తోలు కాలం పోయిందిగా అనేవాళ్లకు జవాబు సులువు. తూటాకు తోలు ఆగదు, నిజమే. నిప్పురవ్వకు, తారురోడ్డు మీది రాపిడికి ఇవాళ్టికీ ఆగుతోంది. ఇక గట్టి ప్లాస్టిక్ పలక తోలంత కూడా వంగదు, కాబట్టి ప్యాటర్న్ తప్పితే ఇంకా బాధ.

ఖర్చు సంగతి మాత్రం తీసిపారేయలేం. వేలమంది సిబ్బందికి ఒక్కొక్కరికీ టేపు పెంకు కట్టడం కుదిరే పని కాదు. అంత అవసరమూ లేదు. ఛాతీకి నాలుగు, పొడవుకు మూడు సైజులు విడివిడిగా పెట్టుకుంటే పన్నెండు ప్యాటర్న్‌లు. ఆడవాళ్లకు మరో పన్నెండు. ఒకసారి గీస్తే ఏళ్లతరబడి పనికొస్తాయి. భారతీయుల ఒంటి కొలతల కోసం జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) చేపట్టిన సర్వేకు ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఆ లెక్కలు రెడీమేడ్ చొక్కాలకే పరిమితం కానక్కర్లేదు. టెండరులో మందం, బరువు పక్కనే ఇంకో షరతు రాయాలి. బిల్లు చెల్లించేముందు పొట్టి, పొడుగు, బక్క, లావు మనుషులకు, ఆడా మగా ఇద్దరికీ తొడిగించాలి. వ్యాను సీటులో కూర్చోబెట్టాలి, వంగి బూటు లేసు కట్టించాలి, చేతులు తలపైకి ఎత్తించాలి. అంచు గొంతుకు తగిలినా, పొట్ట బయటపడినా ఆ సరుకు వెనక్కి పంపాలి.